ఎవరు పెట్టిన నొప్పి

పనిషెడ్డు నుంచి
సోమవారం

అక్కకు,

తమ్ముడి నమస్కారాలు. నువ్వు కొత్త కాలు తొడుక్కుని ఇక్కణ్ణుంచి బస్సెక్కి నెల కావస్తోంది. ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదు. నేను కాలు చేసి ఇచ్చినవాళ్ళు ఎవరైనా సరే, వారం తిరక్కుండా కబురు పెడతారు. బిగుతుగా ఉందనో, వదులుగా ఉందనో, కిర్రుమంటోందనో ఏదో ఒకటి అంటారు. ఏమీ అననివాళ్ళంటేనే నాకు భయం.

ఫోను చెయ్యొచ్చు కదా అంటుంది నీ మరదలు. ఫోనులో నాకు మాట రాదు, నీకు ఆగదు. ఉత్తరాలే నయం.

అడగాల్సినవి అడుగుతున్నాను. పొద్దున లేస్తూనే తొడుక్కుంటున్నావా? లోపలి మేజోడు ముడత లేకుండా లాగుతున్నావా? సాయంత్రం తీశాక మోకాలి కింద చర్మం ఎర్రబడితే, ఆ ఎరుపు కాసేపటికి పోతోందా, ఉండిపోతోందా? నడుం నొప్పి ఉందా? ప్రింటింగు ప్రెస్సు మేడమెట్లు ఎక్కి చూశావా?

ఆ మెట్ల గురించే నా బెంగ. "కాలు అందానికి కాదురా, మేడమీద నా సాయంత్రం ఇంగ్లీషు తరగతి నాకు మళ్ళీ కావాలి" అన్నావు. వచ్చే నెల మొదటి సోమవారం నుంచి మళ్ళీ నువ్వే చెబుతానన్నావు. ఆ మాట షెడ్డు గోడమీద సుద్దతో రాసుకున్నాను. రోజూ కనబడుతోంది.

తప్పులుంటే దిద్దు.

తమ్ముడు

*

కిటికీ పక్క కుర్చీ నుంచి
శుక్రవారం

తమ్ముడూ,

ఉత్తరం మొదట్లో ఉభయకుశలోపరి అని రాయాలని మన ఊరి బళ్ళో పంతులుగారు నేర్పారు. నేను రాయను. నీ కుశలం నువ్వు రాయవు. నా కుశలం నీకెందుకు?

సరే, నీకోసం రాస్తున్నా. కాలు భేషుగ్గా ఉంది. వీధులన్నీ చుట్టేస్తున్నాను. మా పేటలో నాకు తెలియకుండా ఏదీ జరగడం లేదు. ఎదురు కొట్టుకి పెయింటరు కొత్త బోర్డు రాస్తున్నాడు. నిచ్చెన కింద నిలబడి టోపీ తీశాడా, నడినెత్తిన అరచేతంత బట్టతల! వయసు చూస్తే ముప్ఫై ఉండదు పాపం. రొట్టెల బండి రేకు కప్పుమీద ఓ పిల్లి పడుకుంటుంది. ఇన్నాళ్ళూ నల్లపిల్లి అనుకున్నాను, వీపుమీద పొడుగునా తెల్ల చార ఉంది. నిన్న వానకి బడిపిల్లలు గొడుగులు వేసుకుని వెళ్తుంటే సీసా మూతలు కొట్టుకుపోతున్నట్టే ఉంది.

నా తరగతికి ఏం భయం లేదు. నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు ప్రెస్సు ఓనరు ఒక కుర్ర మాస్టారిని తెచ్చి పెట్టాడు. మంచివాడేనట. బోర్డుమీద మాట రాసి, పక్కన అర్థం రాసి, తుడిచేస్తాడట. అలా చెబితే ఇంగ్లీషు రాదు, సుద్దపొడి వస్తుంది. నా లారీ డ్రైవరూ నా కుట్టుమిషన్ ఆవిడా నాకోసం ఎదురుచూస్తున్నారు. మొదటి సోమవారం మెట్లు ఎక్కేస్తాను, చూస్తూ ఉండు.

నీ ఉత్తరం ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపుతున్నాను. చేతిరాత మాత్రం బాగుంది. కాళ్ళు చేసే చేతులు కదా.

మరదల్ని అడిగానని చెప్పు.

అక్క

*

పనిషెడ్డు నుంచి
బుధవారం

అక్కకు,

నమస్కారాలు. దిద్దినవి చూసుకున్నాను.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. పెయింటరు నడినెత్తి చూశావు. కప్పుమీద పడుకున్న పిల్లి వీపు చూశావు. గొడుగుల పైభాగాలు చూశావు. వీధిలో నడిచేవాళ్ళకి ఇవేవీ కనబడవు. నడిచేవాళ్ళకి ఎదుటి మనిషి మొహం కనబడుతుంది, కాళ్ళకింద గుంటలు కనబడతాయి. నీ ఉత్తరంలో ఒక్క గుంట కూడా లేదు.

నువ్వు మేడమీద నీ గదిలోంచి కిందకి దిగలేదు.

అక్కా, కాలు ఎక్కడుంది?

తమ్ముడు

*

అదే కుర్చీ
శనివారం

ఒరేయ్,

కాలు తలుపు వెనకాల ఉంది. దానికి గొడుగు తగిలించాను. గొడుక్కి బాగా పనికొస్తోంది.

నెల పైగా కిందకి దిగలేదు. నిజమే. నీ దగ్గర్నుంచి వచ్చిన రోజు ఆటో అతనూ, కింది వాటాలో ఉండే నర్సూ చెరో రెక్కా పట్టుకుని నన్ను ఈ గదిలోకి ఎక్కించారు. అయినా ఊరికే కూర్చోలేదురా నేను. తెల్లారకముందే లేచి, ఎవరూ చూడకుండా, వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ నడిచాను. గరుకు సిమెంటు వరండా అది. పళ్ళు బిగబట్టి నడిచాను. నీ కాలు ముందుకు రాదు. గేటు తలుపు తీసినట్టు పక్కకి తిప్పి తేవాలి. నాలుగు చుట్లు తిరిగితే నడుం రెండు ముక్కలవుతుంది, తుంటి మండుతుంది. నర్సు చర్మం చూసి పుండేమీ లేదంది. పుండు లేకుండా ఇంత నొప్పి ఏమిటి మరి? మొన్న మంగళవారం విప్పేసి తలుపు వెనక పెట్టాను.

నిన్న ప్రెస్సు ఓనరు వచ్చాడు. పెద్దమనిషే. చేతులు కట్టుకుని నిలబడి, "మేడమ్, మీరు రాగలిగితే తరగతి మీదే. మొదటి సోమవారం మీరు మెట్లెక్కి రాకపోతే మాత్రం కుర్ర మాస్టారినే ఉంచేస్తానండి. పగలంతా ఒళ్ళొంచి వచ్చేవాళ్ళు, వాళ్ళని ఎన్నాళ్ళని ఎటూ తేల్చకుండా ఉంచను?" అన్నాడు. తప్పేముంది అందులో? కింద యంత్రాల పక్కన కుర్చీ వేయిస్తానన్నాడు, కూర్చుని చెప్పమన్నాడు. వద్దన్నాను. ఆ గదిలో ముప్ఫై ఏళ్ళు నిలబడి చెప్పాను. కూర్చుంటే నాకు చదువు రాదు.

నీకు నీ పనిమీద ఎంత నమ్మకమో నాకు తెలుసు. నాకూ అంతే ఉండేది, అందుకే దాచాను. కానీ అడిగావు కాబట్టి చెబుతున్నాను. తమ్ముడూ, నువ్వు నామీద నొప్పి ఇన్‌ఫ్లిక్ట్ చేశావు. ఈ మాట కావాలనే ఇంగ్లీషులో రాశాను. తెలుగులో అంటే నాకే బాధగా ఉంటుంది.

అక్క

*

పనిషెడ్డు నుంచి
మంగళవారం

అక్కకు,

నమస్కారాలు.

ఆ ఇంగ్లీషు మాట నాకు తెలియదు. నీ మరదల్ని అడిగాను. "వదినగారు తిట్టినట్టే ఉంది, ఎందుకైనా మంచిది, ఒప్పేసుకోండి" అంది. తెలియని మాటని నేను ఒప్పుకోను. ఆ మాట అర్థం ఏమిటో, ఎక్కడ ఎలా వాడతారో వివరంగా రాయి. నీ తరగతిలో లారీ డ్రైవరుకి చెప్పినట్టు చెప్పు.

ఇంకో పని. నడిచినన్నాళ్ళూ వేసుకున్న బూట్లు పంపు. రెండూ పంపు. తుడవొద్దు, కడగొద్దు. ఈ ఉత్తరం అందగానే బస్సుకి పార్శిల్ వేయించు.

కాలు విషయం అవి చూశాక రాస్తాను. చూడకుండా ఏమీ అనను.

తమ్ముడు

*

కిటికీ పక్క కుర్చీ నుంచి
గురువారం

తమ్ముడూ,

బూట్లు నర్సు పార్శిల్ వేసి వచ్చింది. నా బూట్లతో నీకేం పనో నాకు తెలియదు. నీ ప్రశ్నతో నాకేం పనో తెలుసు కాబట్టి అది మొదలుపెడతాను.

ఇన్‌ఫ్లిక్ట్. కుర్ర మాస్టారు కూడా కిందటి వారం ఇదే మాట చెప్పాడట. బోర్డుమీద "బాధించు" అని రాసి తుడిచేశాడట. కుట్టుమిషన్ ఆవిడ నిన్న నన్ను చూడటానికి వచ్చి, "మేడమ్, ఆ మాట వాడబోతే మా అందరికీ బెడిసికొడుతోంది" అంది. కొట్టదూ మరి! బాధించు అంటే ఎవరిని బాధించు? మనిషిని. కానీ ఇన్‌ఫ్లిక్ట్ చేసేది మనిషిని కాదు, బాధని. బాధని తీసుకొచ్చి మనిషిమీద పెట్టడం. నిన్ను ఇన్‌ఫ్లిక్ట్ చేశాను అనకూడదు. నీమీద దెబ్బ ఇన్‌ఫ్లిక్ట్ చేశాను, నష్టం ఇన్‌ఫ్లిక్ట్ చేశాను, శిక్ష ఇన్‌ఫ్లిక్ట్ చేశాను, అలా అనాలి. పెట్టినవాడు ఒకడు, పెట్టింది ఒకటి, ఎవరిమీద పెట్టాడో వాడు ఒకడు. ఈ ముగ్గురూ వస్తేనే ఆ మాట నిలబడుతుంది, మూడుకాళ్ళ పీటలాగా.

మంచిదాన్ని ఇన్‌ఫ్లిక్ట్ చేయకూడదు. మా లారీ డ్రైవరు ఓసారి ఫ్లాస్కు ఎత్తి, "మేడమ్, మీమీద టీ ఇన్‌ఫ్లిక్ట్ చెయ్యనా?" అన్నాడు. తరగతంతా నవ్వింది. తాగి చూశాక ఆ మాట సరైనదేనని ఒప్పుకున్నాను. హాస్యానికి అలా వాడొచ్చు. చుట్టం వచ్చి తన పాట మనమీద ఇన్‌ఫ్లిక్ట్ చేశాడనవచ్చు.

దీనికి దగ్గర్లో అఫ్లిక్ట్ అని ఇంకో మాట ఉంది. అది రోగాలకీ కరువులకీ. షుగరు జబ్బు నన్ను అఫ్లిక్ట్ చేసింది, పుండు మానలేదు, కాలు తీసేశారు. అందులో ఎవరి చెయ్యీ లేదు. ఎవరిమీద కోప్పడను?

అసలు సంగతి చెబుతాను విను. మన భాషలో కాలు నొప్పి పెడుతోంది అంటాం. తల నొప్పి పెడుతోంది, పన్ను నొప్పి పెడుతోంది అంటాం. పాపం దాన్ని అదే పెట్టుకున్నట్టు! ఇంగ్లీషులో ఈ ఒక్క మాట మాత్రం ఊరుకోదు. ఎవరు పెట్టారు అని మనిషిని అడుగుతుంది. అందుకే నీకు ఆ మాట రాశాను. నా నొప్పి ఊరికే వచ్చింది కాదు, ఎవరో పెట్టింది.

పాఠం అయింది. అర్థమైతే నీ సొంత వాక్యం ఒకటి రాసి పంపు. మా తరగతి పద్ధతి అది. వాక్యం నిజమైనదై ఉండాలి. పుస్తకంలోది ఎత్తి రాస్తే సున్నా.

అక్క

*

పనిషెడ్డు నుంచి
ఆదివారం

అక్కకు,

నమస్కారాలు. పాఠం అర్థమైంది. బూట్లూ అందాయి. బల్లమీద పక్కపక్కన పెట్టి రాస్తున్నాను.

పెట్టుడు కాలి బూటు లోపలి అంచు నేలకి రాసుకుని అరిగింది. అది గేటులా తిప్పి తెచ్చినందుకు. నువ్వు రాసిందే. ఇక మంచి కాలి బూటు. మడమ కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది, కొట్లో అంటించిన చీటీ కూడా చెరగలేదు. మునివేళ్ళ దగ్గర మాత్రం రబ్బరు అరిగి లోపలి గుడ్డ కనబడుతోంది. అంటే ప్రతి అడుగుకీ మంచి కాలి మునివేళ్ళమీద లేచావు. రెండో కాలు నేలకి తగలకుండా దాటించాలంటే అలా లేవక తప్పదు.

కాలు పొడుగైంది. వేలి మందం ఉంటుంది. నొప్పి అందుకే. నువ్వు గట్టిదానివి కాబట్టి అన్నాళ్ళు నడిచావు. ఇంకొకరైతే రెండో రోజే విప్పేసేవారు.

ఎందుకు పొడుగైందో కూడా రాయాలి.

కొలత తీసుకున్న రోజు నువ్వు కడ్డీ పట్టుకుని ఒంటికాలిమీద నిలబడ్డావు. నేను కింద కూర్చుని, కాలు తీసేసినవైపు నీ మోకాలి నుంచి నేలదాకా టేపు పెట్టాను. నీ మడమ నేలమీద లేదు. కాస్త లేచి ఉంది. నాకు కనబడింది. దించమని అనలేదు. దింపుతావులే అనుకున్నాను, దింపేశావనీ అనుకుని రాసేసుకున్నాను. చిన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దించినదానివి. కాళ్ళ దగ్గర కూర్చుని నీకు తప్పు చూపించాలంటే నోరు రాలేదు.

దాన్ని తర్వాతైనా పట్టుకోవచ్చు. కాలు తయారయ్యాక ఎవరినైనా నిలబెట్టి, వెనక నిలబడి, నడుంమీద రెండు చేతులూ పెట్టి చూస్తాను. రెండువైపులా తుంటి ఎముక సమానంగా ఉందో లేదో చేతికి తెలుస్తుంది. కంటికి తెలియదు. లంగాలు, చీరలు, పంట్లాలు అన్నీ కంటిని మోసం చేస్తాయి. అందరికీ చేత్తోనే చూస్తాను. నీకు చూడలేదు. అక్క నడుంమీద చేతులెలా వేస్తామని గుమ్మం దగ్గర నిలబడి కంటితో చూసి, సరిపోయిందన్నాను.

ఇదిగో నా వాక్యం. నిజమైనదే. సిగ్గుపడి చేతులు కట్టుకున్న తమ్ముడు అక్కమీద నొప్పి ఇన్‌ఫ్లిక్ట్ చేశాడు.

ముగ్గురూ వచ్చారో లేదో చూసుకో.

ఇది కుదిరే పని. తొడుగు బాగుంది, పాదం బాగుంది. మధ్యలో అల్యూమినియం గొట్టం కోస్తే చాలు. వచ్చే ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. మొదటి సోమవారానికి మధ్యలో వారం ఉంటుంది, ఆ వారం చాలు. గట్టి నేలా, ఒక కుర్చీ ఉంటే మిగతావి నేను తెచ్చుకుంటాను. బూట్లకి కొత్త సోలు వేయిస్తున్నాను.

మడమ సంగతి నేను చూసింది నిజమేనా? నిజం రాయి. దాన్నిబట్టి ఎంత కొయ్యాలో చూస్తాను.

తమ్ముడు

*

కిటికీ పక్క కుర్చీ నుంచి
బుధవారం

తమ్ముడూ,

నీ వాక్యంలో వ్యాకరణం తప్పు లేదు. కానీ ఒక మనిషి తక్కువైంది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

మడమ ఎత్తాను. నిజమే. కొలత రోజూ ఎత్తాను, తొడిగి చూసిన రోజూ ఎత్తాను.

ఎందుకంటావా, నీ పెళ్ళాం వల్ల! కొలతకి నిలబడ్డానో లేదో టీ కప్పులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "ఏమిటి వదినగారూ, మీ తమ్ముడు మీకంటే పొడుగైపోయారే!" అంది. మామూలుగా అంది పాపం. నా లోపల మాత్రం మన పాత ఇంటి గుమ్మం కదిలింది. నాన్న ఏటా మన ఇద్దరినీ ఆ గుమ్మానికి ఆనించి పెన్సిలుతో గీత పెట్టేవాడు, గుర్తుందా? నేను పై ఊరి హైస్కూలుకి వెళ్ళేదాకా నా గీతే పైన ఉండేది. సెలవులకి వచ్చి చూస్తే నీ గీత నా గీతని దాటేసింది. నేను మాట్లాడకుండా మడమలెత్తి నిలబడ్డాను. నాన్న నవ్వుకుని, నేనెక్కడ నిలబడ్డానో అక్కడే గీత పెట్టాడు. నువ్వు చూశావు. అప్పుడూ ఏమీ అనలేదు. అప్పట్నుంచి మన ఇద్దరికీ అది అలవాటైపోయిందిరా. నేను ఎత్తుతాను, నువ్వు ఊరుకుంటావు.

ఒక కాలు లేదు, ఉన్న ఒక్క కాలిమీద నిలబడి తమ్ముడికంటే పొడుగు కనిపించాలని మునివేళ్ళమీద లేచాను. ఎవరికైనా చెబితే నవ్విపోతారు.

ఆ మాటకి ఇంకో వాడుక ఉంది, నీకు రాయలేదు. ఎవరి నొప్పి వాళ్ళే తమమీద పెట్టుకుంటే, అది తనమీద తానే ఇన్‌ఫ్లిక్ట్ చేసుకున్నది అంటారు. ఇంగ్లీషులో దానికి సెల్ఫ్-ఇన్‌ఫ్లిక్టెడ్ అని మాటే ఉంది, పెట్టినవాడూ పడినవాడూ ఒకడే. నీ వాక్యంలో తమ్ముడి పక్కన అక్కని కూడా నిలబెట్టు. పొడుగు తేడా చూడొద్దు.

ఆదివారం రా. కానీ ఒక షరతు. గాజు బొమ్మని ముట్టుకున్నట్టు ముట్టుకోవద్దు. నడుం పట్టుకోవాలంటే పట్టుకో. మడమ దించమనాలంటే గట్టిగా అను. నీ దగ్గరికి కాలికోసం వచ్చే సైకిలు మెకానిక్కుని ఎలా అంటావో నన్నూ అలా అను. అరవాల్సి వస్తే అరువు. నేను నీకంటే బాగా అరుస్తాను, ఆ భయం లేదు.

గొడుగు తీసేసి కాలు శుభ్రంగా తుడిచి పెట్టాను.

అక్క

*

ప్రెస్సు మేడమీద తరగతి గది నుంచి
మొదటి సోమవారం

తమ్ముడూ,

పైన రాసిన చోటు పేరు చూశావా? మళ్ళీ చూడు.

నువ్వు వచ్చి చేసిన పని నీకే రాయడం ఎందుకు గాని, ఒక్కటి రాస్తాను. "అక్కా, పట్టుకుంటున్నా" అని చెప్పి నడుంమీద చేతులు పెట్టావు చూడు, ఆ చేతులు చన్నీళ్ళలా ఉన్నాయి. భయంతో చల్లబడ్డాయని నాకు తెలుసు. ఆ వెంటనే "మడమ దించు!" అని అరిచావు. కింది వాటాలోంచి నర్సు పరుగెత్తుకొచ్చింది. అరవై ఏళ్ళలో నువ్వు నామీద అరవడం అదే మొదలు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇవాళ్టి సంగతి విను. సాయంత్రం వచ్చేసరికి మెట్ల కింద నా జనం అంతా నిలబడ్డారు. ప్రెస్సు ఓనరు యంత్రం ఆపేశాడు. ఆ ప్రెస్సులో అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. కుర్ర మాస్టారు కిందకి దిగి వచ్చి చెయ్యి అందించాడు. "నా చెయ్యి కడ్డీకి కావాలి నాయనా, ఈ పుస్తకాలు పట్టుకో" అన్నాను. పట్టుకున్నాడు. ఒక చెయ్యి కడ్డీమీద వేసి, నువ్వు చెప్పినట్టే మంచి కాలు ముందు పైకి, పెట్టుడు కాలు వెనక. పక్కకి తిప్పలేదు. తిన్నగా వచ్చింది. మధ్యలో ఒకసారి ఆగాను. నొప్పికి కాదు, మెట్టుమీద సిరా మరక చూసి. నేను ఆస్పత్రికి వెళ్ళేముందు చూసిన మరకే, ఇంకా ఎవరూ తుడవలేదు. గుంటలు కావాలన్నావుగా, ఇదిగో మరక.

పైకి చేరాను. కింద యంత్రం మళ్ళీ మొదలైంది. లారీ డ్రైవరు హారన్ లాగా ముక్కు చీదాడు. జలుబట!

కోసిన గొట్టం ముక్క ఇక్కడే వదిలి వెళ్ళావు కదా, దాన్ని వెంట తెచ్చాను. సుద్దముక్కకి కాగితం చుట్టి అందులో బిగించాను. దాంతో పట్టుకుని రాస్తే వేళ్ళకి పొడి అంటదు. బోర్డుమీద మొట్టమొదట ఆ మాటే రాశాను. ఇన్‌ఫ్లిక్ట్. నీకు రాసిన పాఠమే చెప్పాను. తర్వాత సొంత వాక్యాలు చెప్పమన్నాను.

లారీ డ్రైవరు లేచి, "నేను తెల్లవారుజామున నిద్రపోయేవాళ్ళమీద నా హారన్ ఇన్‌ఫ్లిక్ట్ చేస్తాను మేడమ్" అన్నాడు. రొట్టెల బట్టీ అతను, "మా ఓనరు మామీద నైట్ డ్యూటీ ఇన్‌ఫ్లిక్ట్ చేస్తాడు" అన్నాడు. కుట్టుమిషన్ ఆవిడ ఆఖర్న లేచి, "మా అత్తగారు మాట్లాడటం మానేసి నామీద ఇన్‌ఫ్లిక్ట్ చేస్తారు" అంది. "ఏం ఇన్‌ఫ్లిక్ట్ చేస్తారు? బాధని చెప్పలేదు నువ్వు" అన్నాను. ఆవిడ బోర్డు వైపు చూసి, "మౌనం మేడమ్" అంది. నాకు నువ్వు గుర్తొచ్చావు. గుమ్మం దగ్గర నిలబడి కంటితో చూసి సరిపోయిందన్నావు చూడు, అది గుర్తొచ్చింది. సరైన వాక్యం అని చెప్పి, బోర్డుమీద రాసి, తుడవకుండా ఉంచాను.

కుర్ర మాస్టారు వెనక బెంచీలో కూర్చుని అన్నీ రాసుకున్నాడు. అయిపోయాక వచ్చి, "నేను ఇక రానక్కర్లేదా మేడమ్?" అన్నాడు. గురువారాలు నువ్వు చెప్పు, నేను వెనక బెంచీలో కూర్చుంటాను అన్నాను. తుడిచే బ్రష్షు మాత్రం నా దగ్గరే ఉంటుందన్నాను.

మోకాలి కింద ఇంకా కాస్త మండుతోంది. ఆ నొప్పి కొత్త కాలిది, నాది. ఎవరూ పెట్టింది కాదు. తగ్గుతుందన్నావు, తగ్గుతుంది.

ఇక అసలు మాట. ఇవాళ పొద్దున రెండు మడమలూ నేలమీద ఆనించి అద్దం ముందు నిలబడ్డాను. అద్దంలో నా తల ఎక్కడికి వస్తుందో నాకు తెలుసు, నువ్వు వచ్చిన రోజు నీ తల ఎక్కడికి వచ్చిందో కూడా చూసి పెట్టుకున్నాను. నువ్వే పొడుగు. ఒప్పుకున్నాను. ఈ సంగతి మన ఇద్దరి మధ్యే ఉండాలి. ముఖ్యంగా నీ మరదలికి, అదే నా మరదలికి, చెప్పావంటే ఊరుకోను.

అక్క

*

పనిషెడ్డు నుంచి
గురువారం

అక్కకు,

నమస్కారాలు. చోటు పేరు చూశాను. గోడమీది సుద్దరాత తుడిచేశాను.

మండేచోట మేజోడు ఇంకోటి వేసుకో. నెల పోయాక తొడుగు చూడటానికి వస్తాను. ఈసారి బస్సు దిగి మెట్ల దాకా నడుస్తాను, నువ్వు కిందకి దిగి రా.

నిన్న ఒకావిడ కాలికోసం వచ్చింది. పెద్దావిడ, చాలా మర్యాదస్తురాలు. "పట్టుకుంటున్నానమ్మా" అని చెప్పి చేతులు పెట్టాను. నా చేతులు చల్లగా లేవు. మడమ దించమ్మా అన్నాను. నవ్వి దించింది. అందరూ ఎత్తుతారు అక్కా, నువ్వొక్కదానివే కాదు.

పొడుగు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను గొట్టం కోస్తున్నాను. నీ మరదలే విప్పి చదివింది. చదివినప్పట్నుంచి ఇంట్లో మడమలెత్తి నడుస్తోంది.

తమ్ముడు